14 అడుగులా, 16 అడుగులా?

ఈసారి ఒక పడవ గురించి రాస్తున్నాను. పోయినసారి సంఘం లెక్కల పుస్తకం గురించి రాసినప్పుడు, "అక్కా, అమెరికాలో మీరు కలిసి కొన్నదేమైనా ఉంటే చెప్పండి" అని ఒక తమ్ముడు అడిగాడు. ఉంది. హ్యూస్టన్‌లో మేం 9 ఇళ్ళవాళ్ళం డబ్బులు పోగేసుకుని అల్యూమినియం మోటారు పడవ ఒకటి కొన్నాం. కొనాలా వద్దా అన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఎంత పొడవుది కొనాలన్నది తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల వాదన మీకు పనికొస్తుందని రాస్తున్నాను. హాస్టల్ కమిటీలు, యూనియన్లు, గ్రంథాలయాలు నడిపే మీరు కూడా రేపో మాపో నలుగురి డబ్బుతో ఏదో ఒకటి కొంటారు కదా.

ముందు, హ్యూస్టన్‌లో పడవ ఎందుకో చెప్పాలి. ఈ ఊరు పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఊరి మధ్య నుంచి బయూలు పోతుంటాయి. మన కృష్ణా డెల్టా మురుగు కాలువల్ని తలుచుకోండి, అలాంటివే. 2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ తుఫాను రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. దాటి వెళ్ళిపోలేదు, రోజుల తరబడి ఇక్కడిక్కడే తిరిగింది. టెక్సాస్‌లో నెడర్‌లాండ్ అనే ఊళ్ళో మొత్తం 60 అంగుళాలు దాటి వాన పడింది. హ్యూస్టన్ పడమర ఉన్న ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండిపోయి నీళ్ళు వదలాల్సి వచ్చింది. 911కి చేస్తే లైను దొరకలేదు. మా అపార్ట్‌మెంట్లో కింది అంతస్తుల్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అద్దె తక్కువ కాబట్టి ఆ పల్లంలో ఉన్నాం. ఎక్కడైనా అంతే, అద్దె తక్కువున్న చోటికే నీళ్ళు ముందొస్తాయి.

మమ్మల్ని బయటికి తెచ్చింది సర్కారు పడవ కాదు. పక్క రాష్ట్రం లూసియానా నుంచి చేపల పడవను ట్రెయిలర్ మీద వేసుకుని వచ్చిన ఒక పెద్దాయన. అలా వచ్చినవాళ్ళు వందల్లో ఉన్నారు. 2005లో కత్రీనా తుఫానప్పుడు న్యూఆర్లియన్స్‌లో మొదలైన ఈ అలవాటుకి జనం 'కేజన్ నేవీ' అని పేరు పెట్టుకున్నారు. నేవీ అంటే యూనిఫాం ఉంటుందనుకునేరు. ఆదివారం చేపలు పట్టుకునే మామూలు మనుషులు వాళ్ళు. వాళ్ళ పడవల్లో చాలావరకు జాన్ బోట్లు. అడుగు చదును, అణియం మొనదేలకుండా పలకలా ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళలో కూడా పోతుంది. ఆ పడవల్లాంటిదే మేమూ కొనాలనుకున్నాం.

అల్యూమినియమే ఎందుకు? వరద వచ్చిన వీధి నది కాదు. నీళ్ళ కింద కార్లుంటాయి, పేవ్‌మెంట్ అంచులుంటాయి, కంచెలు, ఉత్తరాల పెట్టెలుంటాయి. ఫైబర్ పడవ కాంక్రీటు అంచుకి గట్టిగా తగిలితే పగులుతుంది. అల్యూమినియం సొట్టపోతుంది. సొట్టతో ఇంటికి రావచ్చు, పగులుతో రాలేం. పైగా తేలిక, రోడ్డు పైకి తేలిన చోట దిగి నలుగురూ ఎత్తి అవతల పెట్టచ్చు. దీనికో చెడ్డ గుణం కూడా ఉంది, కరెంటు పారుతుంది. హార్వీలో సాయానికి వెళ్ళిన కొందరి పడవ కొట్టుకుపోయి కరెంటు తీగల దగ్గరికి చేరింది, మనుషులు చచ్చిపోయారు. మంచి మనసుతో వెళ్ళినంత మాత్రాన నీళ్ళు ఎవర్నీ వదిలిపెట్టవు.

ఫోన్లో మా అమ్మకి చెబితే, "సత్తు పడవా? సత్తు గిన్నెలాంటిదా?" అని నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మా అమ్మకి 13 ఏళ్ళు. సర్కారు చెప్పిన లెక్కే పదివేల దగ్గర. తాడిచెట్టుని కావలించుకుని బతికిన మనుషుల్లో మా అమ్మా ఒకతె. తెల్లారాక పడవలు తిరిగాయంది. కానీ మా పల్లె దాకా రావడానికి ఇంకా చాలా పొద్దు పట్టిందంది. "వాళ్ళు చెడ్డోళ్ళని కాదే. పడవ ఎక్కడ కట్టుంటే అక్కణ్ణుంచే కదా బయల్దేరేది. పడవ ఊళ్ళో కట్టుంది. మన పల్లె ఊరి కొసన పల్లంలో ఉంది. దారిలో ఎదురైనోళ్ళని ఎక్కించుకుంటా వచ్చేసరికి పడవ నిండిపోయేది."

ఈ మాట నేను చిన్నప్పటి నుంచి విన్నదే. పడవ కొనడానికి కూర్చున్నప్పుడే అది నాకు పూర్తిగా అర్థమైంది.

సరే, ఇప్పుడు రెండు పడవల సంగతి. ఒకే కంపెనీ, ఒకే రకం. రెండిటికీ అడుగు వెడల్పు 48 అంగుళాలే. వీటిని ఇక్కడ అంకెలతో పిలుస్తారు. 1448 అంటే 14 అడుగుల పొడవు, 48 అంగుళాల అడుగు వెడల్పు. 1648 అంటే 16 అడుగులది. షెడ్డులో పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఆ రెండడుగులకి ఏమంత తేడా ఉంటుంది అనుకున్నాం అందరం.

అమెరికాలో 20 అడుగుల లోపు ఉండే ఇలాంటి మోటారు పడవలకి కెపాసిటీ ప్లేట్ అని ఒక రేకు తప్పనిసరి. ఎంతమంది ఎక్కొచ్చు, మొత్తం ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్ల దాకా ఇంజను పెట్టొచ్చు అన్నవి దాని మీద ఉంటాయి. మేం చూసిన 14 అడుగులదాని మీద 5 మంది లేదా 690 పౌండ్లు అని ఉంది. 16 అడుగులదాని మీద 6 మంది లేదా 850 పౌండ్లు. ఒక్క మనిషే తేడా కదా అనిపిస్తుంది. కానీ ఆ 'లేదా' దగ్గర ఆగాలి. రెండిట్లో ఏది ముందొస్తే అదే హద్దు. పడవలో మన మనుషులు ఇద్దరుండాలి, ఒకరు ఇంజను దగ్గర, ఒకరు ముందు గెడ పట్టుకుని నీళ్ళలో ఏముందో చూస్తూ. ఆ ఇద్దరూ కలిపి 260 పౌండ్లు అనుకుందాం. చిన్నదాంట్లో మిగిలేది 430, పెద్దదాంట్లో 590. వచ్చేవాళ్ళని మనిషికి 150 చొప్పున వేసుకున్నా చిన్నదాంట్లో ఇద్దరు, పెద్దదాంట్లో ముగ్గురు. 12 మందిని తేవాలంటే చిన్న పడవ 6 సార్లు తిరగాలి, పెద్దది 4 సార్లు.

ఈ లెక్క మా ముందు పెట్టింది మా గుంటూరు అన్న. మా అందరిలో ఆయనొక్కడికే సొంత ఇల్లుంది, పికప్ ట్రక్కుంది. "ఆ రెండు ట్రిప్పులకి ముసలోళ్ళు ఇంకో అరగంట నీళ్ళల్లో ఉంటారమ్మా. డబ్బు కోసం చూసుకునే పనా ఇది? తక్కువైతే నేనేస్తా. పడవ మా ఇంటి ముందే పెట్టుకుందాం, ట్రక్కు నాదుంది, పిలిస్తే చాలు వచ్చేస్తా" అన్నాడు. ఆయన మాటలో కల్మషం లేదు. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా వచ్చే మనిషి.

నర్సుగా చేసే చెల్లి కూడా పెద్దదే అంది. ఆమె కారణం వేరు. "లేవలేని మనిషిని పడుకోబెట్టి తీసుకురావాలంటే జాగా ఎక్కడ?" అంది. దుకాణంలోనే టేపు పెట్టి కొలిచాం. మొదట చూసిన 14 అడుగుల పడవలో మధ్యలో అడ్డంగా బల్ల ఉంది, మనిషి పడుకోవడానికి లేదు. అదే కొలతలో మధ్య బల్ల లేకుండా నేల ఖాళీగా ఉండే రకం ఇంకోటి ఉందని తెలిసింది. దాంట్లో నేనే పడుకుని చూపించా. కాళ్ళు చాపుకుని పడుకుంటే తల దగ్గర ఇంకో మనిషి కూర్చోడానికి చోటుంది. అమ్మే కుర్రాడు ఏమనుకున్నాడో గానీ, మేమంతా నవ్వుకున్నాం. ఆమె అభ్యంతరం అక్కడితో తీరింది. పొడవు కంటే లోపలి అమరిక ముఖ్యమని ఆ రోజు తెలిసింది.

గుంటూరు అన్న లెక్క మాత్రం అలా తీరేది కాదు. అది నిజమైన లెక్క. దానికి జవాబు పడవలో దొరకలేదు, పడవను రోడ్డు మీద లాగే బండిలో దొరికింది.

14 అడుగుల పడవ ఖాళీ డొల్ల 290 పౌండ్లు. 20 హార్స్‌పవర్ ఇంజను 115. ట్రెయిలర్ 280. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, లంగరు, తాళ్ళు కలిపి 120. మొత్తం 805. 16 అడుగులది డొల్ల 360, దానికి తగిన 40 హార్స్‌పవర్ ఇంజను 215, ట్రెయిలర్ 420, సామాను 140. మొత్తం 1,135. కారు కంపెనీవాళ్ళు ఇచ్చే పుస్తకంలో ఆ బండి ఎంత బరువు లాగగలదో రాసి ఉంటుంది. మా 9 ఇళ్ళ బండ్ల పుస్తకాలన్నీ తీసి చూశాం. మూడు కార్లు 1,000 పౌండ్ల దాకా లాగుతాయి. రెండు చిన్న ఎస్‌యూవీలు 1,500 దాకా. అన్న ట్రక్కు ఎంతైనా లాగుతుంది. మిగతా మూడింటికి అసలు ఏమీ తగిలించొద్దని ఉంది. అంటే చిన్న పడవను 6 ఇళ్ళవాళ్ళు లాగగలరు, పెద్దదాన్ని 3 ఇళ్ళవాళ్ళే. ఆ ముగ్గురిలో ఎస్‌యూవీలున్న ఇద్దరూ రోజూ ఊరికి ఆ కొసన పనికి పోయేవాళ్ళు.

ఇక పెట్టే జాగా. మా అపార్ట్‌మెంట్లో పార్కింగ్ గడి 18 అడుగులు. నాలుక మడిచే ట్రెయిలర్ అయితే 14 అడుగుల పడవ ఆ గడిలో సరిపోతుంది. 16 అడుగులది ఎలా పెట్టినా తోక బయటికొస్తుంది, కాబట్టి అన్న ఇంటి ముందే పెట్టాలి. ఆ ఇల్లు ఎత్తు మీద ఉంది, మేమంతా పల్లంలో. నీళ్ళొచ్చాక ఆయన ఇంటి నుంచి మా దగ్గరికి ట్రక్కు రావాలంటే మొదట మునిగేది ఆ దారిలోని అండర్‌పాసే.

అమ్మ చెప్పిన మాట నాకప్పుడే గుర్తొచ్చింది. మీటింగులో అదే చెప్పా. "అన్నా, నీ మీద అనుమానంతో అనడం లేదు. నువ్వు ఊళ్ళో లేని రోజు ఈ పడవ ఎక్కడుంటుంది? పెద్ద పడవ మూడు ట్రిప్పుల పని రెండిట్లో చేస్తుంది, నిజమే. కానీ నువ్వు డాలస్‌లో ఉన్న రోజు ఒక్క ట్రిప్పూ చెయ్యదు." ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నొచ్చుకున్నాడని నాకు తెలుసు. తర్వాత, "నా బండికే తగిలేదైతే అది నా పడవే అయిపోద్ది, మీరు అడుక్కోవాల్సొస్తది. అదేగా నువ్వనేది?" అన్నాడు. అవును, అదే నేననేది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సంగతి మీకు ఊళ్ళో కూడా తెలుసు. పది కుటుంబాలకి కలిపి వచ్చిన మోటారు ఒకరి పొలంలో బిగిస్తారు. స్టార్టర్ పెట్టె తాళం ఒకరి మొలతాడుకి ఉంటుంది. కాగితం మీద పది పేర్లూ ఉంటాయి. తాళం ఉన్నవాడు దొంగ కానక్కర్లేదు, మంచివాడే కావచ్చు. కానీ ఆయన నిద్రలేచినప్పుడే నీళ్ళొస్తాయి. ఆస్తి ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న. అర్ధరాత్రి దాన్ని కదిలించగలిగేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. మనం మొదటిదాని మీద చాలా కొట్లాడతాం, రెండోదాన్ని వదిలేస్తాం.

పెద్ద పడవకి ఉన్న మంచిని తక్కువ చెయ్యను. పొడవు ఎక్కువైతే అలల మీద కుదుపు తగ్గుతుంది, గాలిలో నిలకడగా పోతుంది. గాల్వెస్టన్ బే లాంటి పెద్ద నీళ్ళలో తిరిగేవాళ్ళు నన్నడిగితే 16 కొనుక్కోమనే చెబుతా. మా పక్కింటి నల్లజాతి పెద్దాయన నలభై ఏళ్ళుగా పడవ నడిపిన మనిషి. మమ్మల్ని కాన్రో చెరువుకి తీసుకెళ్ళి రెండు రకాలూ నడిపించాడు. నీళ్ళ డబ్బాలు నింపి బరువు పెట్టి చూపించాడు. ప్లేటు మీద అంకె గాలి లేని రోజుది అని, గాలి లేస్తే దాన్ని తగ్గించుకోవాలని, ఆ అంకె దాకా నింపి తీరాలన్న లెక్క కాదని చెప్పాడు. 14 అడుగుల పడవలో 500 పౌండ్లు పెట్టి, గాలికి ఎదురు నడిపితే ముందు నుంచి నీళ్ళు లోపలికి చిమ్మాయి. అందుకే మా తీర్మానంలో మొదటి వాక్యమే ఇది: ఈ పడవ సముద్రపు పాయలోకి పోదు, పారే బయూలోకి పోదు, వీధుల్లోనూ నిలిచిన నీళ్ళలోనూ మాత్రమే తిరుగుతుంది.

ఇరుకు వీధుల్లో చిన్నదానికి ఇంకో లాభం ఉంది. మునిగిన రెండు కార్ల మధ్య వెనక్కి తిప్పుకోవాలంటే రెండడుగులు తక్కువున్నా మేలే. ఇంజనుకే ఉండే పిడి పట్టుకుని తిప్పేది కాబట్టి స్టీరింగు తీగల గొడవ లేదు. డొల్లని నలుగురు ఆడవాళ్ళం ఎత్తగలిగాం, ఇంజను విప్పి ఇద్దరం మోయగలిగాం. 40 హార్స్‌పవర్ ఇంజనుని అలా మోయలేం.

చట్టం కూడా ఈ రెండిటినీ వేరుగా చూస్తుంది. 16 అడుగులూ అంతకు మించినదీ అయితే లైఫ్ జాకెట్లతో పాటు నీళ్ళలోకి విసిరే తేలుడు పరికరం ఒకటి తప్పనిసరి, 14 అడుగులదానికి తప్పనిసరి కాదు. మేం ఎలాగూ ఒకటి పెట్టుకున్నాం, ప్రాణం పడవ పొడవు చూసి పోదు కదా. టెక్సాస్‌లో 13 ఏళ్ళ లోపు పిల్లలకి నడుస్తున్న చిన్న పడవలో లైఫ్ జాకెట్ వేసే ఉంచాలి. మేం అందరికీ వేసే ఉంచాలని రాసుకున్నాం. నడిపే మనిషి పడిపోతే ఇంజను ఆగిపోవడానికి ఒంటికి కట్టుకునే తాడు ఒకటుంటుంది. 2021 ఏప్రిల్ నుంచి అది దేశమంతా తప్పనిసరి. మగవాళ్ళు దాన్ని కట్టుకోవడానికి సిగ్గుపడతారు, ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నా.

చివరికి చేతులెత్తి ఓటేశాం. 7 చిన్నదానికి, 2 పెద్దదానికి. గుంటూరు అన్న ఓటు చిన్నదానికే పడింది.

రెండు పడవల ధరకీ మధ్య 6,000 డాలర్ల దాకా తేడా వచ్చింది. దాన్ని మిగుల్చుకోలేదు. 5 బండ్లకి ట్రెయిలర్ కొక్కెం బిగించాం. పిల్లల సైజులతో కలిపి లైఫ్ జాకెట్లు కొన్నాం. రెండు గెడలు, నాలుగు తెడ్లు, తలకి కట్టుకునే లైట్లు, స్పేర్ ప్రొపెల్లర్ కొన్నాం. ట్రెయిలర్ తాళం అంకెల తాళం, ఆ అంకె అందరికీ తెలుసు. నెలకొక ఇల్లు పడవ బాధ్యత చూస్తుంది. బాధ్యత అంటే ఇంజను స్టార్ట్ చేసి చూడడం, టైర్లలో గాలి చూడడం, పుస్తకంలో సంతకం పెట్టడం. అన్నిటికన్నా కష్టమైంది ట్రెయిలర్‌ని వెనక్కి నడపడం. స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోతుంది. బడి లేని ఆదివారాలు చర్చి పార్కింగ్‌లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి నేర్చుకున్నాం. 62 ఏళ్ళ మా పిన్ని కూడా నేర్చుకుంది. ఊళ్ళో సైకిలు కూడా ముట్టనివ్వలేదట ఆమెని.

పడవతో ఎంతమందిని కాపాడారు అని అడుగుతారు. ఎవర్నీ కాపాడలేదు. 2024 మే మొదట్లో హ్యూస్టన్ ఉత్తరాన శాన్ జసింటో నది పొంగింది. అన్న పని మీద డాలస్‌లో ఉన్నాడు. నర్సు చెల్లి, పిన్ని కొడుకు చిన్న కారుకి పడవ తగిలించుకుని గంటన్నరలో అక్కడికి చేరారు. సర్కారు పడవలే సరిపోతున్నాయి, మీరు వెళ్ళొచ్చన్నారు. తిరిగొచ్చేశారు. మంచిదే. జూలై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు మా వీధుల్లో నీళ్ళ కంటే కరెంటు లేకపోవడమే పెద్ద కష్టమైంది. పడవ గడిలోనే ఉంది, మేం ఐసు, మందులు మోశాం. పడవ ఉంది కదా అని వరద కావాలని ఎవరం కోరుకోం. శనివారాలు పిల్లలు దాంట్లో చేపలు పడుతున్నారు. చాలు.

మీకు చెప్పేది ఇంతే. కలిసి ఏదైనా కొనేటప్పుడు అది ఎంత పెద్ద పని చేస్తుందని అడగండి, తప్పులేదు. దాంతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: మనలో అందరికంటే తక్కువ ఉన్న మనిషి, చిన్న కారు, అద్దె ఇల్లు, ఒంటరి ఆడమనిషి, రాత్రిపూట ఎవర్నీ అడక్కుండా దీన్ని తీసి నడపగలదా? నడపగలిగితే అది ఉమ్మడిది. లేకపోతే రెండిట్లో చిన్నదాన్ని ఇంకోసారి చూడండి.

వచ్చేసారి నెల నెలా బాధ్యత మారే ఆ పుస్తకం ఎలా రాసుకున్నామో, దాని మీద వచ్చిన తగువులేమిటో రాస్తాను. అవి పడవ వాదన కంటే పెద్దవి.